తీగ చివరి ఇల్లు

ధనుర్మాసం చలి మొదలైంది. రాత్రి భోజనాలయ్యాక మా రామాపురంలో ఎవరో ఒకరు నాలుగు కొబ్బరిమట్టలు పోగేసి మంట వేస్తారు, చుట్టూ పదిమంది చేరతారు. మీరూ ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. ఈ పూట నేను చెప్పబోయేది రాజకీయం కాదు, సినిమా కాదు. మీ గోడ మీదుగా పాకి, కిటికీ సందులోంచి లోపలికి వచ్చే నల్లతీగ ఉందే, దాని గురించి. దాన్ని ఎవరు లాగారు, దాన్ని పట్టుకుని కంపెనీలు ఎలా పెరిగాయి, మన దగ్గర ఎలా పెరగాలి, ఇదీ నా కబురు.

మీలో యాభై దాటినవాళ్లకి యాంటెన్నా రోజులు గుర్తుండే ఉంటాయి. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది. నెల తిరక్కుండానే, నవంబరు 19న, దివిసీమ ఉప్పెన వచ్చింది. పదివేల మందికి పైగా పోయారు. ఎక్కడ ఎంతమంది పోయారో బయటివాళ్లకి తెలియడానికే రోజులు పట్టింది. రేపల్లె, బాపట్ల తీరంలో ఆ రాత్రిని చూసినవాళ్లకి కబురు అందడం, అందకపోవడం అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. అందుకే మన దగ్గర ఈ తీగని కాలక్షేపం సరుకుగా చూడటం నాకు నచ్చదు.

డిష్ మాత్రం మన రాష్ట్రానికి అంతకు ముందే వచ్చింది తెలుసా? 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఇస్రో, నాసా కలిసి ‘సైట్’ అనే ప్రయోగం చేశాయి. ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి టీవీ కార్యక్రమాలు పంపారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కోళ్ల దొడ్లకి కట్టే ఇనుప జాలీతో పది అడుగుల వెడల్పు డిష్‌లు చేసి, పంచాయతీ ఆఫీసుల దగ్గరా బడుల దగ్గరా నిలబెట్టారు. ఊరందరికీ కలిపి ఒక్క పెట్టె. ఏడాది గడవగానే ఉపగ్రహాన్ని వెనక్కి తీసుకున్నారు, ప్రయోగం ముగిసింది. ఆకాశం నుంచి వచ్చే బొమ్మ మామూలు ఇళ్లలోకి దిగడానికి ఇంకో పదిహేనేళ్లు పట్టింది.

మధ్యలో రామాయణం వచ్చింది, 1987 జనవరిలో. ఆదివారం పొద్దున వీధులు ఖాళీ. గాలికి యాంటెన్నా తిరిగిపోతే ఒకరు మేడెక్కడం, ఒకరు కిటికీ దగ్గర నిలబడి ‘వచ్చింది, వచ్చింది, పోయింది’ అని అరవడం ప్రతి ఇంట్లో జరిగేదే. 1991 మొదట్లో ఉపగ్రహం నుంచి నేరుగా వచ్చిన గల్ఫ్ యుద్ధం వార్తలు, అదే ఏడు స్టార్ టీవీ, మరుసటేడు జీ. ఉన్నట్టుండి దేశమంతా మేడల మీద డిష్‌లు మొలిచాయి.

మన ఊళ్లలో కేబుల్ పెట్టిందెవరు? పెద్ద కంపెనీలు కానే కాదు. రేడియోలు బాగుచేసే కుర్రాడు, వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే షాపతను, డిగ్రీ పాసై ఉద్యోగం దొరకని తమ్ముడు. అప్పు చేసి మేడ మీద ఒక డిష్, కింద చిన్న గదిలో రిసీవర్లు, మాడ్యులేటర్లు పెట్టుకున్నారు. ఆ గదికి ‘కంట్రోల్ రూమ్’ అని పేరు. అక్కడి నుంచి వేపచెట్టు మీదుగా, పెంకుటిల్లు మీదుగా, కొబ్బరిచెట్టుకి మేకు కొట్టి తీగ లాగారు. ఆ మేకు కొట్టనిచ్చిన ఇంటికి నెల డబ్బులు తగ్గించేవారు. కొత్త సినిమా వేసిన రాత్రి ఊరు ఊరంతా మేలుకుని ఉండేది.

1995 ఫిబ్రవరిలో జెమినీ వచ్చింది, ఆగస్టు 27న ఈటీవీ వచ్చింది. అక్కడితో లెక్క మారిపోయింది. అంతవరకూ కేబుల్ అంటే హిందీ, ఇంగ్లీషు. పట్నం వాళ్ల ముచ్చట. పొద్దుటి నుంచి రాత్రిదాకా తెలుగులోనే వార్తలు, పాటలు, సీరియళ్లు అనేసరికి పాలు పోసే ఆమె కూడా కనెక్షన్ అడిగింది. ఆ సంవత్సరమే పార్లమెంటు కేబుల్ టీవీ చట్టం చేసింది. అప్పట్లో ఆపరేటర్ అయినవాడు హెడ్ పోస్టాఫీసులో పేరు నమోదు చేయించుకోవాల్సి వచ్చేది. ఉత్తరాలు పంచే ఆఫీసే తీగ లాగేవాడికీ గుర్తింపు ఇచ్చిందన్నమాట.

ఇప్పుడు ఆ తీగ పనితీరు కాస్త చెబుతాను, మనవాళ్లకి ఇట్టే అర్థమవుతుంది. మనది కృష్ణా పశ్చిమ డెల్టా. సీతానగరం దగ్గర తలుపులెత్తితే నీళ్లు దుగ్గిరాల దాకా వచ్చి, అక్కడి నుంచి కొమ్మమూరు కాలవకి, నిజాంపట్నం కాలవకి, ఇంకా చిన్నా పెద్దా కాలవలకి విడిపోయి, చివరికి బోదుల్లోంచి పొలంలోకి దిగుతాయి. ఎగువ రైతుకి ముందు అందుతాయి. చివరి భూములవాడు రాత్రిళ్లు గట్టు మీద కాపలా పడుకోవాలి. కేబుల్ తీగా అంతే. కోయాక్సియల్ తీగలో సిగ్నల్ పోనుపోను సన్నగిల్లుతుంది, ప్రతి చీలిక దగ్గరా కొంత తరుగు. అందుకని మధ్యమధ్య యాంప్లిఫయర్ పెట్టి బలం పెంచాలి. ఆ యాంప్లిఫయర్‌కి కరెంటు కావాలి. మీ ఇంట్లో కరెంటు ఉన్నా, నాలుగు వీధుల అవతల యాంప్లిఫయర్ దగ్గర పోతే మీ బొమ్మ పోయినట్టే. కంట్రోల్ రూమ్ పక్కింట్లో అద్దంలాంటి బొమ్మ. ఊరి చివర, మాలపల్లెలోనో జాలరి ఇళ్లలోనో చుక్కలు చుక్కలు. డబ్బులు మాత్రం ఇద్దరికీ ఒకటే. ఈ చివరి భూముల కష్టం గుర్తు పెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

ఇలాంటి తీగని పట్టుకుని ఒక కంపెనీ ఎలా పెరిగిందో చూడటానికి ఇప్పుడు కాసేపు సముద్రాలు దాటి బెల్జియం పోదాం. అక్కడ ఉత్తర భాగాన్ని ఫ్లాండర్స్ అంటారు. చిన్న దేశం, దగ్గర దగ్గర ఊళ్లు. పక్క దేశాల టీవీ కూడా చూడాలన్న కోరికతో అక్కడ 1960ల నుంచే కేబుల్ వేసుకున్నారు. వేసిందెవరంటే, చాలాచోట్ల ఊళ్ల పురపాలక సంఘాలే. పక్కపక్క ఊళ్లు కలిసి సంఘాలుగా ఏర్పడి, కరెంటుతో పాటు టీవీ తీగ కూడా ఇంటింటికీ ఇచ్చుకున్నాయి. ఒకప్పుడు నూటికి తొంభైకి పైగా ఇళ్లలో కేబుల్ ఉన్న దేశమది.

1990ల మధ్యలో వాళ్లకి ఒక ప్రశ్న ఎదురైంది. 1998 జనవరి 1 నుంచి యూరప్‌లో టెలిఫోన్ మీద ప్రభుత్వ కంపెనీల గుత్తాధిపత్యం పోతుంది. మరి పోటీ ఇచ్చేదెవరు? కొత్త కంపెనీ ప్రతి ఇంటికీ గొయ్యి తవ్వి తీగ వేయాలంటే జరిగే పనేనా? ఫ్లాండర్స్ ప్రభుత్వం ఆలోచించింది. తీగ ఇంటింటికీ ఎప్పుడో వేసి ఉంది కదా, బొమ్మని మోసే తీగ మాటని మోయలేదా అనుకుంది. అలా 1996లో టెలినెట్ అనే కంపెనీ పుట్టింది. మెఖెలెన్ అనే పట్టణం దాని కేంద్రం.

కానీ పని అంత సులువు కాదు. టీవీ తీగ ఒకవైపే పారుతుంది. కంట్రోల్ రూమ్ నుంచి ఇంటికి. టెలిఫోన్‌కి, ఇంటర్నెట్‌కి ఇంటి నుంచి కూడా సిగ్నల్ వెనక్కి పోవాలి. యాంప్లిఫయర్లన్నీ రెండువైపులా పనిచేసేలా మార్చారు, పెద్ద దారుల్లో ఫైబర్ వేశారు, ఇళ్ల దగ్గర పాత రాగితీగనే ఉంచారు. దానికి బోలెడంత పెట్టుబడి. మొదటి ఏళ్లన్నీ నష్టాలే. ఊళ్ల సంఘాల కేబుల్ వ్యాపారాన్ని మెల్లగా, విడతలు విడతలుగా తన చేతిలోకి తెచ్చుకుంది. 2002లో కొన్ని, 2008లో మిగతావి. 2005లో షేర్ మార్కెట్‌కి వెళ్లింది. 2016లో బేస్ అనే మొబైల్ కంపెనీని 132.5 కోట్ల యూరోలు పెట్టి కొంది. టీవీ, ఇంటర్నెట్, ఇంటి ఫోను, చేతి ఫోను, నాలుగూ ఒకే బిల్లులోకి వచ్చాయి. 2023లో అమెరికా మూలాలున్న లిబర్టీ గ్లోబల్ దాన్ని పూర్తిగా తన సొంతం చేసుకుంది.

అదే ఏడు జులైలో ఇంకోటి జరిగింది, నాకు మరీ ముఖ్యంగా తోచింది. టెలినెట్, అక్కడి కరెంటు, గ్యాసు పంపిణీ సంస్థ ఫ్లూవియస్ కలిసి వైర్ అనే ఉమ్మడి సంస్థ పెట్టాయి. తీగ ఆ సంస్థది, దాని పని ఫైబర్ వేయడం, చూసుకోవడం, అడిగిన కంపెనీలకి అద్దెకివ్వడం. పాతికేళ్లు పెరిగి పెద్దయిన కంపెనీ మళ్లీ తీగ దగ్గరికి, కరెంటు సంస్థ దగ్గరికి, ఊళ్ల దగ్గరికే వచ్చింది.

పెరుగుదలంతా ఇలాగే ఉంటుందనుకోకండి. అదే యూరప్‌లో యూపీసీ అని ఇంకో కంపెనీ ఉండేది, 1995లో మొదలై దేశం తర్వాత దేశంలో కేబుల్ కంపెనీల్ని కొనుక్కుంటూ పోయింది. అంతా అప్పు. 2002 చివరికి ఆ అప్పు మోయలేక కోర్టు రక్షణ కోరింది. అయినా ఇళ్లలో టీవీలు ఆగలేదు, ఎందుకంటే తీగలు స్తంభాల మీదే ఉన్నాయి, చూసుకునే పనివాళ్లు అక్కడే ఉన్నారు. కాగితం మీద కంపెనీ చేతులు మారింది, అంతే.

మళ్లీ మన దగ్గరికొద్దాం. టెలినెట్‌కి పట్టిన అదృష్టం మన ఆపరేటర్లకి ఎందుకు పట్టలేదు? చెబుతాను. అక్కడ ఊళ్లన్నిటినీ కలిపి ఒక మాట మీదికి తెచ్చిన ప్రభుత్వం ఉంది. ఇక్కడ ఒక ఊరి తీగకీ పక్క ఊరి తీగకీ సంబంధం లేదు. ఒకడు మంచి తీగ వాడాడు, ఒకడు చవక తీగ. అందరిదీ ఒకవైపు పారే తీగే. పెద్ద ఊళ్లలో ఎంఎస్ఓలు పుట్టారు. అంటే ఉపగ్రహం నుంచి ఛానళ్లు దించి, ఊరి ఆపరేటర్‌కి ఇచ్చేవాళ్లు. ఆపరేటర్ వాళ్ల దగ్గర సిగ్నల్ కొనుక్కునే మనిషయ్యాడు.

తర్వాత డిజిటల్ వచ్చింది. 2012లో పెద్ద నగరాలతో మొదలై, 2013లో హైదరాబాదు, విశాఖపట్నం, ఆఖరి విడతగా 2017 మార్చి నాటికి పల్లెలు. ప్రతి ఇంట్లో సెట్‌టాప్ బాక్స్ పెట్టాలి. ఆ బాక్సులకి కంపెనీ సొమ్ముతో పాటు ఆపరేటర్ సొమ్ము కూడా పడింది. 2019 ఫిబ్రవరి నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త పద్ధతి పెట్టింది. అప్పట్లో మొదటి 100 ఛానళ్లకి నెట్‌వర్క్ రుసుము రూ.130 దాకా, పైన పన్ను, డబ్బు ఛానళ్లు వేరే. వేరే ఒప్పందం లేకపోతే ఆ రుసుములో నూటికి 55 ఎంఎస్ఓకి, 45 ఊరి ఆపరేటర్‌కి. స్తంభం ఎక్కేవాడి వాటా 45. ఇంతలో 2016లో జియో వచ్చి, టీవీ చూసే కళ్లని ఫోను వైపు తిప్పింది. 2018లో రిలయన్సే హాత్‌వే, డెన్ అనే పెద్ద కేబుల్ కంపెనీల్లో సగానికి పైగా వాటా కొంది. వేల కోట్లు పోసి ఎందుకు కొన్నారంటారు? ఇంటిదాకా పోయిన తీగ కోసం, ఆ ఇల్లు తెలిసిన మనిషి కోసం.

సరిగ్గా ఈ కాలంలోనే మన రాష్ట్రం ఒక ధైర్యం చేసింది. 2015లో ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ అనే ప్రభుత్వ కంపెనీ పెట్టారు. రాష్ట్రమంతా గొయ్యి తవ్వి ఫైబర్ వేయాలంటే వేల కోట్లు, ఏళ్లూ పూళ్లూ. అలా కాకుండా ఉన్న కరెంటు స్తంభాల మీదే ఫైబర్ లాగారు, సుమారు 24,000 కిలోమీటర్లు. అప్పటి తూర్పు గోదావరి జిల్లాలో మోరి అనే పల్లెలో ముందుగా ఇంటింటికీ ఇచ్చి చూశారు. 2017 డిసెంబరు 27న వెలగపూడిలో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. మొదట్లో నెలకి రూ.149కే టీవీ, ఫోను, 15 ఎంబీపీఎస్ వరకు ఇంటర్నెట్ ఇచ్చారు. బెల్జియం వాళ్లకి ఏళ్లు పట్టిన మూడు పనులూ ఒకే డబ్బాలోంచి.

పెద్ద దారులన్నీ ప్రభుత్వం వేసింది సరే, స్తంభం నుంచి మీ ఇంట్లోకి వేసిందెవరు? మళ్లీ ఊరి కేబుల్ ఆపరేటరే. వాళ్లని కాదని ఆ పథకం ఒక్క ఇంటికీ చేరేది కాదు. తర్వాత డబ్బాలకి కొరత వచ్చింది, సేవల మీద ఫిర్యాదులొచ్చాయి, టెండర్ల మీద కేసులు నడిచాయి. ఆ తగవుల్లోకి నేను పోను. 2020లో కరోనాకి బడులు మూసినప్పుడు మాత్రం నేను కళ్లారా చూశాను. ఆన్‌లైన్ పాఠం వినడానికి ఫైబర్ ఉన్న ఇంటి అరుగు మీద నలుగురైదుగురు పిల్లలు కూర్చునేవారు. ఆ ఇంటామె వాళ్లకి మంచినీళ్లిచ్చి, అల్లరి చేస్తే కసిరి, పాఠం అయ్యేదాకా టీవీ పెట్టేది కాదు.

ఒక రాత్రి సంగతి చెప్పనివ్వండి. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోతకొచ్చిన వరి నీళ్లలో పడుకుంది. స్తంభాలు ఒరిగాయి, చెట్లు తీగల మీద పడ్డాయి. కరెంటు వాళ్లు మూడు నాలుగు జట్లుగా తిరిగారు. వాళ్ల వెనకే మా ఊరి కేబుల్ కుర్రాడు, మోటార్ సైకిల్ మీద నిచ్చెన కట్టుకుని.

‘‘ఏరా నాయనా, ఎప్పటికొచ్చిద్ది?’’ అని అడిగాను.

‘‘కరెంటోళ్లు స్తంభం నిలబెడితే గానీ నేను ఎక్కలేను బాబాయ్. అయినా ఫైబర్ ఎక్కడ తెగిందో ఇంకా దొరకలా. వచ్చిద్దిలే, నువ్వు పడుకో’’ అన్నాడు.

నేను పడుకోలేదు, టార్చి పట్టుకుని పక్కన నిలబడ్డాను. తెగిన చోటు దొరికాక అతను రోడ్డు పక్కన గోనె పట్టా పరిచి, స్ప్లైసింగ్ మిషన్ తీశాడు. నల్ల తొడుగు కోస్తే లోపల పన్నెండు రంగుల పోగులు: నీలం, నారింజ, ఆకుపచ్చ, మట్టిరంగు, బూడిద, తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు, ఊదా, గులాబీ, లేత నీలం. ఏ రంగుని ఆ రంగుకే అతకాలి. రంగు పూత గీకితే మిగిలేది గాజు, మిల్లీమీటరులో ఎనిమిదో వంతు లావు. అందులో వెలుగు నడిచేది మరీ సన్నటి నడిమి భాగంలో. స్పిరిట్ దూదితో తుడిచి, క్లీవర్‌లో పెట్టి తిన్నగా తెగ్గొట్టి, రెండు కొసల్నీ మిషన్‌లో ఎదురెదురుగా పెట్టాడు. చిన్న తెర మీద ఆ రెండు కొసలూ దగ్గరగా జరిగాయి, చిటుక్కున మెరిసింది, ఒకటైపోయాయి. ముందే పోగుకి ఎక్కించి ఉంచిన చిన్న గొట్టాన్ని అతుకు మీదికి జరిపి వేడిచేశాడు. ఒక పోగు అయింది. ఇంకా పదకొండు ఉన్నాయి. చినుకు పడితే మిషన్ మీద గొడుగు పట్టమన్నాడు. తను మాత్రం తడుస్తూనే ఉన్నాడు. ఆ పన్నెండు పోగుల చివర మూడు ఊళ్లున్నాయి.

ఆ రాత్రి ఆ కుర్రాడు సంపాదించిందేమీ లేదు. పైగా పాడైన తీగ, డబ్బాలు అతని ఖాతాలోనే పడ్డాయి. కరెంటు స్తంభం పడితే బాగుచేయడానికి ప్రభుత్వ ఖజానా ఉంది, జట్లు ఉన్నాయి, సామాను ఉంది. అదే స్తంభం మీది ఫైబర్‌కి ఆ కుర్రాడు, అతని నిచ్చెన. తుపాను వేళ కలెక్టర్ ఆఫీసు హెచ్చరిక అందాలన్నా, దుబాయ్‌లో ఉన్న కొడుకుతో తల్లి మాట్లాడాలన్నా, ఆసుపత్రిలో ఆన్‌లైన్ పని నడవాలన్నా ఆ తీగే కావాలి. మొబైల్ టవర్లకి కూడా సిగ్నల్ తెచ్చేది చాలావరకు ఫైబరే.

అందుకని నేను కోరేవి మూడు. ఒకటి, తుపాను తర్వాత కరెంటు జట్టుతో పాటే ఫైబర్ జట్టు బయల్దేరాలి, సామాను మండల కేంద్రంలో ముందే ఉండాలి. హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖలో కరెంటు తీగల్ని భూమిలోకి దించే పని పట్టారు. మన తీరం వెంట కనీసం పెద్ద ఫైబర్ దారులనైనా అలా దించాలి. రెండు, స్తంభం ఎక్కేవాడికి వాటా పెరగాలి, ప్రమాద బీమా ఉండాలి, వాళ్ల పిల్లలకి ఐటీఐల్లో ఫైబర్ అతికే పని పద్ధతిగా నేర్పాలి. మూడు, కంపెనీ ఏదైనా సరే, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, ఎన్ని లక్షల కనెక్షన్లు అని చెప్పుకునే ముందు చివరి భూముల సంగతి చెప్పాలి. చివరి ఎకరం తడిస్తేనే మన డెల్టాలో కాలవకి నీళ్లొచ్చాయంటాం. తీగకీ అదే కొలత పెట్టాలి.

ఫ్లాండర్స్‌లో ఊళ్లు కలిసి ఒక మాట మీద నిలబడ్డాయి కాబట్టి వాళ్ల తీగ విలువ వాళ్లకి తెలిసింది, కంపెనీ ఎవరి చేతికి మారినా ఊరు బేరం ఆడగలిగింది. మనకీ పంచాయతీలున్నాయి, గ్రామసభలున్నాయి. ఈసారి సభ జరిగినప్పుడు రోడ్డు గురించి, కాలవ పూడిక గురించి అడిగాక, ఇంకొక్క ప్రశ్న వేయండి: మన ఊళ్లో ఫైబర్ ఏ ఇంటి దగ్గర ఆగిపోయింది, దాని అవతల ఎన్ని గడపలున్నాయి? జవాబు మాటల్లో వద్దు. ఆ గడపల పేర్లు తీర్మానం పుస్తకంలో రాయించి, మీ ఆపరేటర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, అందులో మీరూ ఒక సంతకం పెట్టండి.